కళాశాల దరఖాస్తులో దాగిన చరిత్ర

పాల్వంచలో ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో చేరదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది అధ్యాపకుడు కాదు, దరఖాస్తు. లోకలా, నాన్‌లోకలా? మీడియం ఏది? బోనఫైడ్ జతపరిచావా? టి.సి. ఉన్నదా? చేరిన తరువాత సెమిస్టరు, క్రెడిటు, బ్యాక్‌లాగు, కాండొనేషను ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలుస్తాయి. తరగతిలో పాఠం చెప్పేవారుంటారు గాని ఈ మాటలను విడమరచి చెప్పేవారు అరుదు. ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, కళాశాలలో ఇంగ్లీషును ఎదుర్కొనే పిల్లవానికి ఇవి మూడవ భాషలోని మాటలు. ఇవి ఎక్కడినుంచి వచ్చాయో వెదకబోతే నాకు మా ప్రాంతపు చరిత్రే కనిపించింది.

పాల్వంచ నుంచి భద్రాచలానికి సుమారు ముప్ఫై కిలోమీటర్లు. నేడు బస్సెక్కితే గంటలోపు ప్రయాణం. కాని 1965లో గోదావరిపై వంతెన వచ్చేదాకా అది రేవు దాటి వెళ్ళవలసిన ఊరు; అంతకుముందు చాలాకాలం అది వేరొక ప్రభుత్వపు ఊరు. 1860లో నైజాం నుంచి బ్రిటిషువారి చేతికి వెళ్ళిన భద్రాచలం, 1874 నుంచి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో భాగమైంది. పాల్వంచ మాత్రం నిజాం రాజ్యంలోనే మిగిలింది. అందువల్ల ఒకే నదికి ఇరువైపులా, ఒకే తెలుగు మాట్లాడేవారి మధ్య, చదువుకు రెండు పరిభాషలు ఏర్పడినవి. అవతలి ఒడ్డున ఎస్సెస్సెల్సీ, దానిపై ఇంటర్మీడియట్, బి.ఏ. అక్కడి చదువు చూపు రాజమండ్రి వైపు, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడిన తరువాత విశాఖ వైపు. ఇవతలి ఒడ్డున ప్రాథమిక పాఠశాలకు తహతానియా, మాధ్యమిక పాఠశాలకు వస్తానియా, ఉన్నత పాఠశాలకు ఫౌఖానియా అని సర్కారు పేర్లు. అరబ్బీలో వాటి అర్థం కిందిది, నడిమిది, పైది. ఎంత తేట పేర్లు! కాని ఆ తేటదనం అరబ్బీ తెలిసినవానికే.

1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం చేసిన సాహసం సామాన్యమైనది కాదు. భారతదేశంలో ఒక దేశభాష మాధ్యమంగా విశ్వవిద్యాలయ విద్యను నడపడం అదే మొదలు. దానికి ఏడాది ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద కార్యాలయాన్ని స్థాపించి, వైద్యం, గణితం, చరిత్ర, తత్త్వం వంటి శాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చారు. పారిభాషిక పదాన్ని ఉర్దూలో ఇస్తిలాహ్ అంటారు. ఇస్తిలాహ్‌ల నిర్మాణానికే ప్రత్యేకంగా పండితుల సంఘాలు కూర్చున్నాయి. విశ్వవిద్యాలయం జామియా అయింది, కళాశాల కుల్లియా అయింది. సాహసం గొప్పదే, కాని రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు. పాల్వంచ అడవి పల్లెలో పుట్టినవానికి జామియా ఎంత దూరమో, మద్రాసు విశ్వవిద్యాలయమూ అంతే దూరం. 1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమైన తరువాత ఉస్మానియా ఉర్దూను వదలి ఇంగ్లీషుకు మారింది. ముప్ఫై ఏళ్ళ ఇస్తిలాహ్‌లు గ్రంథాలయపు అరల్లోకి వెళ్ళిపోయాయి. నేడు తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు జరిగే ఆన్‌లైన్ పద్ధతికి 2016లో పెట్టిన పేరు దోస్త్. ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలను కూర్చితే ఉర్దూ మాట తయారైంది! ముందు తలుపు గుండా వెళ్ళిన భాష దొడ్డిదారిన తిరిగి వచ్చినదని నవ్వుకొంటాను.

తెలుగుకు ఆ అవకాశం ఆలస్యంగా దొరికింది. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి, దానికి ప్రాణమైన కొమర్రాజు లక్ష్మణరావు, శాస్త్రాన్ని తెలుగులో చెప్పవచ్చునని చూపించారు. కాని అది గ్రంథమాల, కళాశాల కాదు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులయ్యాక ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వచ్చాయి. త్వరణం, ద్రవ్యవేగం, అవకలనం, సమాకలనం, ఉపాంత ప్రయోజనం, కిరణజన్య సంయోగక్రియ ఆ పుస్తకాలతోనే విద్యార్థుల నోళ్ళకు అలవాటయ్యాయి. వీటిని సంస్కృత భారమని ఎగతాళి చేసినవారు చాలామంది. నేను పూర్తిగా ఏకీభవించను. త్వరణంలో త్వర ఉన్నది, అది ప్రతి తెలుగువాడికీ తెలుసు. అవకలనం మాత్రం ఇంగ్లీషు మాట కంటె ఏమంత సులువు కాదు. ఏ మాట నిలుస్తుందో పదకోశం నిర్ణయించలేదు, తరగతి గది నిర్ణయించింది.

పదవుల పేర్ల సంగతి మరొకటి. డిగ్రీ, గ్రాడ్యుయేట్ రెండింటికీ మూలం లాటిన్‌లో మెట్టు అనే మాట. మనం మెట్టును వదలి పట్టం కట్టి, పట్టభద్రుడన్నాం. మా వైపు ఆ మాట శాసనమండలి ఎన్నికలప్పుడు తప్ప వినబడదు. స్నాతకోత్సవం అన్న మాటను మాత్రం మెచ్చుకోవాలి. గురుకులవాసం ముగించి స్నానం చేసినవాడు స్నాతకుడు. పెండ్లిలో వరునికి కాశీయాత్రకు ముందు జరిపే స్నాతకమూ అదే. అనగా ప్రతి తెలుగు పెండ్లికొడుకూ ఆ పూటకు చదువు ముగించినట్లు లెక్క, చదివినా చదవకున్నా! సిలబసు పుట్టుక ఇంకా వింత. సిసెరో లేఖల పాత ముద్రణలో, పుస్తకపు చుట్టకు కట్టే చీటీ పేరును తప్పుగా అచ్చువేయగా పుట్టిన మాట అది. అచ్చుతప్పు అయిదు శతాబ్దాలుగా విద్యార్థులను పరీక్షిస్తున్నది.

ఇక ప్రాణసంకటమైన మాటలకు వస్తాను. సెమిస్టరు అంటే ఆరు నెలలు. తెలంగాణ విశ్వవిద్యాలయాలు 2016 నుంచి డిగ్రీలో క్రెడిట్ల పద్ధతిని తెచ్చాయి. వారానికి ఒక గంట చొప్పున ఒక సెమిస్టరు సాగే పాఠానికి స్థూలంగా ఒక క్రెడిట్. మన కిరాణా కొట్టులో క్రెడిట్ అంటే అరువు. కళాశాలలో అది సంపాదన. బ్యాక్‌లాగు పుట్టుక మా అడవివారికి నచ్చుతుంది: పొయ్యి వెనుక నిప్పు నిలవడానికి పెట్టే పెద్ద దుంగ. సబ్జెక్టు తప్పినవాని వెనుక అది నిజంగానే రగులుతూ ఉంటుంది.

హాజరు సాధారణంగా 75 శాతం ఉండాలి. కొంత తగ్గితే కారణం చూపి, రుసుము కట్టి పొందే మినహాయింపు కాండొనేషన్. ఇంకా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్షకు కూర్చోనివ్వరు. మా అడవుల్లో తునికాకు కోత ఏప్రిల్, మే నెలల్లో. సెమిస్టరు ముగింపు కూడా తరచు అప్పుడే. ఆకుకట్టల డబ్బు ఇంటికి ఎంత అవసరమో ఎరిగినవారికి హాజరు పట్టీ ఎందుకు ఖాళీ అవుతుందో చెప్పనక్కరలేదు. కొన్నేళ్ళ క్రిందట కిన్నెరసాని అవతలి గూడెం నుంచి వచ్చిన ఒక తండ్రి బస్టాండులో నన్ను ఆపి, “సారూ, మా పిలగాణ్ని డిటెయిన్ చేసిండ్రంట. ఏ ఠాణాల పెట్టిండ్రు?” అని అడిగాడు. మా వైపు పత్రికల్లో ఆ మాట వచ్చేది పోలీసు వార్తలలోనే గనుక ఆయన భయం సహజం. పిల్లవాడు చదివేది ఏదో ఒక ప్రైవేటు కళాశాల. నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఒక పంక్తి అంటించి వారి బాధ్యత తీర్చుకొన్నారు. కాండొనేషనుకు గడువు ఆ ముందురోజే దాటిపోయింది. ఆ ఏడాది పోయింది.

అన్నిటికంటె బరువైన మాట లోకల్. దాని చరిత్రలో పాల్వంచకు స్వయంగా పాత్ర ఉన్నది. నిజాం 1919 ఫర్మానాతో కొలువులు ముల్కీలకే అన్న నియమం స్థిరపడింది. ముల్క్ అంటే దేశం, పదిహేనేళ్ళ నివాసం దానికి కొలత. 1966-67 నాటికి పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది. అక్కడి ఉద్యోగాలలో స్థానికేతరులను నియమిస్తున్నారన్న ఆగ్రహమే 1969 జనవరి ఉద్యమానికి నిప్పురవ్వ. ఖమ్మంలో విద్యార్థి రవీంద్రనాథ్ నిరాహారదీక్షకు దిగాడు, అక్కడినుంచి తెలంగాణ అంతటా కళాశాలలు మూతపడ్డాయి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. దానిపై జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం, వెంట 371-డి అధికరణం, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ముల్కీ అన్న మాట పోయి, లోకల్ కాండిడేట్ వచ్చాడు. 85 శాతం సీట్లు అతనికి. రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంతాలుగా మూడు ముక్కలు చేశారు. ఆ ఉద్యమానికి కారణమైన పాత ప్లాంటు కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేల్చి పడగొట్టారు. దరఖాస్తులోని గడి మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటున్నది. లోకల్ అన్నది ప్రధానంగా ఇల్లు ఎక్కడున్నదన్న ప్రశ్న కాదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివావన్న ప్రశ్న. బడిలో చదవని సంవత్సరాలున్నప్పుడే నివాసం లెక్కకు వస్తుంది. ముల్కీకి నేల కొలత, లోకల్‌కు హాజరు పట్టీ కొలత. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరినందువల్ల అక్కడి పిల్లలు ఉస్మానియా ప్రాంతపు లోకల్ అయ్యారు. 2014లో పోలవరం కారణంగా కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. విభజన చట్టంలోని 95వ సెక్షను పదేళ్ళు పాత ప్రవేశాల పద్ధతిని నిలిపి ఉంచింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది. నేడు వేలేరుపాడులో ఇల్లుండి పాల్వంచ హాస్టలులో నాలుగేళ్ళు చదివినవాడు ఒక రకం, అదే ఇంటిలో ఉండి కుక్కునూరులో చదివిన తమ్ముడు మరొక రకం.

ఈ తేడాను ఋజువు చేసేది బోనఫైడ్ కాగితం. లాటిన్‌లో దానికి సద్భావంతో అని అర్థం. ఆశ్రమ పాఠశాలలు మారుతూ చదివిన పిల్లవాడు తొమ్మిది నుంచి ఇంటర్ రెండవ ఏడు దాకా, చదివిన ప్రతి చోటినుంచీ దానిని విడిగా తెచ్చుకోవాలి. దరఖాస్తు గడువు పడిన తరువాత బయలుదేరితే వేసవి సెలవుల్లో ఆ బడులకు తాళాలుంటాయి. అందుకే మార్చిలోనే, పరీక్షలు ముగిసిన వారంలో, ప్రధానోపాధ్యాయుడు ఊరు విడిచేలోపు వెళ్ళి సంతకం, ముద్ర వేయించుకొమ్మని మా వీధి పిల్లలకు చెబుతుంటాను.