పిల్లలు ఆగిన చోటు నుంచే పాఠం

చదువులో వెనకబడిన పిల్లలను అందరితో కలపడం ఎలాగన్నది మందసకు కోవిడ్‌తో వచ్చిన ప్రశ్న కాదు. మహేంద్రగిరి పాదాల్లోని మందస, నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి 1936 వరకు ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి, సవర గిరిజనులకు చదువు అందకపోవడానికి కారణాన్ని పిల్లల తెలివిలో వెతకలేదు. బడి భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష బడికి రాదు. అందుకని ముందు తానే సవర నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకుని పాఠం అక్కడ మొదలుపెట్టడమే ఆయన పద్ధతి. వెనకబాటును పూడ్చే ఏ ప్రయత్నానికైనా పునాది అదే.

సవరలో మొదలుపెడితే పిల్లలు తెలుగుకు దూరమవుతారని, కింది తరగతి పాఠాలు చెబుతూ కూర్చుంటే సిలబస్ మిగిలిపోతుందని అభ్యంతరాలున్నాయి. అవి తేలిగ్గా తీసిపారేసేవి కావు. కానీ అక్షరం కూడబలుక్కునే పిల్లవాడి ముందు అయిదో తరగతి పాఠం పూర్తిచేస్తే పూర్తయ్యేది పుస్తకమే, చదువు కాదు. మాతృభాష మెట్టు ఎక్కినవాడికి తెలుగు మెట్టు అందుతుంది. మొదటిదే లేకపోతే రెండోదీ లేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టడం గిడుగు చూపిన దారిని ఆలస్యంగా ఒప్పుకోవడమే.

ఆ ఆలస్యంలోనే మరో పాఠం ఉంది: ఒక్కరి పట్టుదల మీద నడిచే పని వ్యవస్థ పనిగా మారకపోతే నిలవదు. పథకాలదీ అదే కథ. 2001–2003 మధ్య వడోదర, ముంబయిల్లో బాల్‌సఖి పథకం కింద, వెనకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలను రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి స్థానిక యువతులు చదివించారు. బాగా వెనకబడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. అయితే పథకం ముగిసిన ఏడాదికి ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. అలాంటి పనిని బడిలో నిలబెట్టగలిగేది ప్రధానోపాధ్యాయుడే. ఎవరు ఎక్కడ ఆగారో పరీక్షించి, టైంటేబుల్‌లో దానికంటూ ఒక పీరియడ్ కేటాయించి, ఓపికున్న ఉపాధ్యాయుడికి అప్పగించి, నెలనెలా ఫలితం చూడటం ఆయన చేతిలోని పని. ఉపాధ్యాయులు చాలరు, లెక్కల కాగితాలకే పొద్దు సరిపోతుందన్న మాట నిజమే. ఆ భారం తగ్గించాల్సింది విద్యాశాఖ. మందస ఉన్న ఈ తీరంలో ఆ అవసరం మళ్లీ మళ్లీ వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. ఇలా దెబ్బ మీద దెబ్బ తినే తీరంలో పిల్లల్ని చదువులో అందుకునేలా చేయడం విపత్తు వచ్చినప్పుడు గుర్తొచ్చే పథకం కాకూడదు. అది ప్రతి బడిలో ప్రతి ఏటా జరగాల్సిన పని.