బ్రేకు బ్లీడింగ్ (మోటారు సైకిలు)

మోటారు సైకిలు హైడ్రాలిక్ బ్రేకులలో చేరిన గాలిబుడగలను, పాతబడిన ద్రవాన్ని వెలుపలికి పంపి కొత్త ద్రవాన్ని నింపే ప్రక్రియను బ్రేకు బ్లీడింగ్ అంటారు. వాడుకలో దీనిని బ్రేకు గాలి తీయడమనీ, ద్రవాన్ని బ్రేకు ఆయిలనీ వ్యవహరిస్తారు. తీగతో పనిచేసే డ్రమ్ము బ్రేకులకు దీని అవసరం లేదు.

సూత్రం

మూసివున్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా ప్రసరిస్తుంది. దీనిని పాస్కల్ నియమం అంటారు. లీవరు నొక్కినపుడు మాస్టర్ సిలిండరులో పుట్టిన పీడనం గొట్టం ద్వారా కాలిపర్‌లోని పిస్టనుకు చేరి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ద్రవాలు దాదాపుగా కుదించుకుపోవు. వాయువులు సులభంగా కుదించుకుపోతాయి. అందువలన గొట్టంలో బుడగ ఉంటే చేతిబలం దానిని నొక్కడానికే ఖర్చవుతుంది. లీవరు స్పాంజివలె మెత్తగా అణుగుతుంది, బండి ఆగవలసిన చోట ఆగదు.

ద్రవం

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ఆధారితాలు. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవపు కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్. తేమ చేరిన ద్రవానికి 155 డిగ్రీలే. తిరుమల వంటి ఘాట్ రోడ్లు దిగేటప్పుడు బ్రేకును ఎడతెగక వాడితే పాత ద్రవం మరిగి, ఆవిరి బుడగలు ఏర్పడి, బ్రేకు హఠాత్తుగా విఫలం కావచ్చు. డాట్ 5 సిలికోన్ రకం. దీనిని మిగిలినవాటితో కలపరాదు. ఏ రకం వాడాలో ద్రవపు డబ్బా మూతపై రాసి ఉంటుంది.

పద్ధతి

1. పెట్రోలు ట్యాంకును గుడ్డతో కప్పి, ద్రవపు డబ్బా సమతలంగా ఉండేటట్లు హ్యాండిలు తిప్పి, మూత తీయాలి.
2. కాలిపర్‌పై ఉన్న బ్లీడర్ నిపుల్‌కు రింగు స్పానరు తగిలించి, పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని రెండవ కొనను కొంత కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచాలి.
3. లీవరును కొన్నిసార్లు నొక్కి, చివరిసారి నొక్కిపట్టి ఉంచాలి.
4. నిపుల్‌ను పావు చుట్టు వదులు చేస్తే ద్రవం, బుడగలు బయటకు వస్తాయి. నిపుల్ బిగించిన తరువాతనే లీవరు వదలాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది.
5. బుడగలు ఆగి, స్వచ్ఛమైన ద్రవం వచ్చేవరకు 3, 4 అంశాలను పునరావృతం చేయాలి. ఈలోగా డబ్బాలో ద్రవం అడుగంటకుండా నింపుతుండాలి.
6. నిపుల్ బిగించి, ద్రవాన్ని గరిష్ఠ గీతకు మించకుండా నింపి, మూత పెట్టాలి.

జాగ్రత్తలు

* ఈ ద్రవం రంగును తినివేస్తుంది. ఒలికిన వెంటనే నీటితో కడగాలి. కంటికీ హానికరం.
* ఇంజను ఆయిలు పోయరాదు. రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.
* ఎన్నడో మూత తీసిన సీసాలోని ద్రవాన్ని వాడరాదు.
* ప్యాడ్లకు, డిస్కుకు ద్రవం అంటరాదు.
* లీవరు గట్టిపడిన తరువాతనే, మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి పరీక్షించాలి. అప్పటికీ మెత్తగా ఉంటే ఎక్కడైనా కారుతున్నదేమో చూడాలి, బండిని రోడ్డెక్కించరాదు.

ఏబీఎస్ ఉన్న బండ్లు

భారతదేశంలో 125 సీసీకి మించిన కొత్త ద్విచక్ర వాహనాలకు 2019 ఏప్రిల్ 1 నుండి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరితే దానిని తీయడానికి కొన్ని బండ్లకు ప్రత్యేక యంత్రం అవసరం. ఆ పని సర్వీసు కేంద్రంలో చేయించాలి.

ఇవి కూడా చూడండి

* డిస్క్ బ్రేకు
* పాస్కల్ నియమం