జీవ గడియారం: సైబరాబాద్ నైట్ షిఫ్టు

నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్ల విడుదల వంటివాటిని సుమారు 24 గంటలకొక చుట్టుగా నడిపే శరీర యంత్రాంగాన్ని జీవ గడియారం అంటారు. బడి పుస్తకంలో ఒక పేరాతో సరిపోయే ఈ పాఠం, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో రాత్రి డ్యూటీ చేసేవారికి రోజూ అనుభవమే. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక ఇక్కడ పెరిగిన ఐటీ కొలువుల్లో చాలావాటికి అమెరికా పగలే పనివేళ.

ప్రధాన గడియారం మెదడులోని హైపోథాలమస్‌లో, రెండు కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన ఉంటుంది. పేరు సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం. సుమారు 20,000 నాడీకణాల గుంపు. కాలేయానికి, క్లోమానికి వేరే చిన్న గడియారాలున్నాయి.

వెలుగు లేకపోయినా ఈ గడియారం ఆగదు. 1729లో ఫ్రాన్స్‌కు చెందిన దె మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచినా ఆకులు వేళకు ముడుచుకుని, వేళకు విచ్చుకున్నాయి. కారణం కణాల్లోనే ఉంది. ‘పీరియడ్’ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ పోగుపడి ఆ జన్యువునే ఆపేస్తుంది. ప్రొటీన్ కరిగాక జన్యువు మళ్ళీ మేల్కొంటుంది. పండ్ల ఈగల్లో ఈ గుట్టు విప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనిషి గడియారం సొంత లెక్క సగటున 24 గంటలకు కొద్ది నిమిషాలు ఎక్కువ. అందుకే రోజూ సరిచేయాలి. ఆ పని వెలుగుది. రెటీనాలో మెలనాప్సిన్ ఉన్న కణాలు ముఖ్యంగా నీలి కాంతిని పసిగట్టి మెదడుకు కబురంపుతాయి. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది. ఆఫీసు లైట్లు దాన్ని తగ్గిస్తాయి.

“కొన్నాళ్ళకు అదే అలవాటవుతుంది” అని సీనియర్లు ధైర్యం చెబుతారు. చాలామందిలో అది పూర్తిగా జరగదు. ఆరింటికి డ్యూటీ దిగి క్యాబ్ ఎక్కగానే కంట పడే ఎండ గడియారాన్ని మళ్ళీ హైదరాబాద్ పగటికి తిప్పేస్తుంది. సెలవు రోజున అందరితోపాటు పగలు మేలుకోవడం మిగతా పని పూర్తిచేస్తుంది. అర్ధరాత్రి బిర్యానీ సంగతీ ఇంతే: రాత్రివేళ ఇన్సులిన్ పని మందగిస్తుంది కాబట్టి అదే తిండికి చక్కెర పగటికంటే ఎక్కువ పెరుగుతుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒంటి వేడి కనిష్ఠానికి చేరి నిద్ర ముంచుకొస్తుంది. క్యాబ్ డ్రైవరుకూ అదే గడియారమని మరవకూడదు. జీవ గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలో చేర్చింది.

ఇంటికెళ్ళేటప్పుడు నల్లకళ్ళద్దాలు, పడకగదికి దళసరి కర్టెన్లు కొంత మేలు చేస్తాయి. షిఫ్టు వేళ కూడా స్థిరం కాదు. వేసవిలో న్యూయార్క్ ఉదయం 9 అంటే ఇక్కడ సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు వెనక్కి తిప్పాక అదే లాగిన్ 7:30కి జరుగుతుంది.