ప్రహరీ లోపల బెల్టు, బయట నార తాడు

రాయలసీమ కూలిని చాలాకాలం భయపెట్టింది ఎత్తు కాదు, లోతు. కర్నూలు, కడప పల్లెల్లో ఇల్లంటే మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, పైన చవుడు మన్ను దిమ్మిస కొట్టిన కప్పు. నేల నుంచి పది, పదకొండు అడుగులు దాటేది కాదు. బావులు మాత్రం నీటి జాడ దొరికేదాకా దిగుతూనే ఉండేవి. కపిల బావి తవ్వే వడ్డెర కూలీకి నడుముకు కట్టిన మోకు, ఆ మోకు కొసను పైన పట్టుకున్న మనుషులే రక్షణ.

ఎత్తైన కట్టడాలు లేకపోలేదు. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి గోపురాన్ని 1652లో ఇటుగా వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ మెచ్చుకున్నాడు. గండికోట గోడలు పెన్న లోయ అంచునే లేచాయి. అయితే అవి ఏ తరానికో ఒకసారి వచ్చే పనులు. పదిమంది కూలీలు ఏడాది పొడవునా ఎత్తు మీద నిలబడి పొట్టపోసుకునే రోజులు కంపెనీ గుత్తలతోనే మొదలయ్యాయి. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో మొదలుపెట్టిన కర్నూలు-కడప కాలువ చాలామటుకు మట్టిపనే. కానీ కర్నూల్లో హంద్రీని దాటించడానికి ఏటి మీద రాతి అక్విడక్టు కట్టాల్సి వచ్చింది. 1880ల్లో నల్లమల గుండా రైలు దారి వేసినప్పుడు బొగద సొరంగం తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద వంతెన లేపారు. వెదురు, కట్టెలు, నార తాళ్లతో కట్టిన పరంజా మీదే ఈ పనులన్నీ జరిగిన కాలమది.

1923లో వర్క్‌మెన్ పరిహార చట్టం వచ్చింది. మనిషి పడ్డాక ఇంటివాళ్లకు ఎంత ఇవ్వాలో అది చెప్పింది. పడకుండా ఏం చెయ్యాలో కట్టుబడి కూలీల కోసం ప్రత్యేకంగా చెప్పే కేంద్ర చట్టానికి ఇంకో 73 ఏళ్లు పట్టింది. ముందు నష్టపరిహారం, తర్వాత నివారణ. మన దగ్గర ఈ వరస ఇప్పటికీ పెద్దగా మారలేదని నా అభిప్రాయం.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మేడలు లేస్తాయనుకుంటే గుడారాలు వెలిశాయి. ఆఫీసులు చాలా వాటిలోనే నడిచాయి. మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. సీమకు అసలైన ఎత్తు శ్రీశైలంతో వచ్చింది. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట 145 మీటర్లు లేచింది. పన్నెండు గేట్లు బిగించి పని ముగింపుకు వచ్చేసరికి 1980లు వచ్చాయి. (2022 ఏప్రిల్ నుంచి ఆనకట్ట కుడి ఒడ్డు నంద్యాల జిల్లాది. పాతవాళ్లకు మాత్రం అది కర్నూలే.) ఇలాంటి పెద్ద పనులకు పాలమూరు కూలీలు గుంపులుగా వలస పోయేవారు. నాగార్జునసాగర్‌లోనైతే రాయిని మనుషులే తట్టల్లో, కావళ్లలో మోసి పైకి చేర్చారు.

ఆ కాలానికి లోకంలో నివారణ కొత్త సంగతేమీ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడే, 1930ల్లో, ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ వంతెన అడుగున పొడవునా వల కట్టించాడు. దానిలో పడి బతికినవాళ్లు 19 మంది. 1937 ఫిబ్రవరిలో ఒక పరంజా తెగి ఆ వలనే చించుకుని పోయినప్పుడు పదిమంది చనిపోయారు. వల పనికొస్తుందని, దానికీ ఓ హద్దుందని ఒకే వంతెన చూపించింది. మన దేశంలో సేఫ్టీ బెల్టులకు ఐఎస్ 3521 అనే ప్రమాణం 1965లోనే అచ్చయింది. కొలతలు, బలం, పరీక్షలు అన్నీ రాసుకున్నాం. అది ఎవరి నడుముకు చేరాలన్నదే తేలలేదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి క్వారీలకు, మంగంపేట ముగ్గురాయి గనులకు 1961 నాటి లోహ గనుల నిబంధనలు వర్తిస్తాయి. మీటరున్నర కంటే సన్నని గట్టు మీద, 1.8 మీటర్లకు మించి పడే ప్రమాదం ఉన్నచోట, కటకటాలో కంచో తాడో లేకుండా ఎవరూ పనిచేయకూడదని వాటిలో ఉంది. అమలు ఎలా ఉన్నా, కాగితం మీదైతే సూటిగా ఉంది. గనిలో ఆ బండ కోసే మనిషికి 1961లోనే కొలతలతో సహా రక్షణ రాసిపెట్టారు. అదే బండను కడపలో ఒక ఇంటి రెండో అంతస్తు మెట్లకు మోసుకెళ్లే మనిషి గురించి ఒక్క వాక్యం లేదు.

1976లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, పడే అవకాశమున్న చోట పనిచేసేవాళ్లకు కంచె కట్టో మరో విధంగానో భద్రత కల్పించాలన్న మాట చేరింది. పాణ్యం, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు, 1994లో ఉత్పత్తి మొదలుపెట్టిన ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి ఇది వర్తించింది. 210 మెగావాట్ల యూనిట్‌కు అప్పటి నిబంధన ప్రకారం 220 మీటర్ల చిమ్నీ ఉండాలి, అంటే శ్రీశైలం ఆనకట్ట కంటే 75 మీటర్లు ఎక్కువ. ఇలాంటి ప్రహరీల లోపల బెల్టు సంస్కృతి నెమ్మదిగా పాతుకుంది. గేటు దగ్గర హెల్మెట్, ఎత్తు పనికి రాతపూర్వక పర్మిట్, పైకెక్కే మనిషికి రెండు కొక్కేల తాడు. ఒక కొక్కెం విప్పేటప్పటికి రెండోది తగిలించి ఉండాలి, ఏ క్షణమూ రెండూ ఊడి ఉండకూడదు. ఈ చిన్న నియమం చేతికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

నడుము బెల్టు కూడా నిలవలేదు. పడే మనిషిని అది ఒక్క నడుము దగ్గరే పట్టి ఆపుతుంది. ఆ కుదుపుకు లోపలి అవయవాలు, వెన్ను దెబ్బతింటాయి. అందుకే అమెరికాలో 1998 జనవరి నుంచి పడేవాణ్ణి ఆపడానికి నడుము బెల్టు చెల్లదన్నారు. భుజాలకు, ఛాతీకి, తొడలకు బరువు పంచే హార్నెస్ వచ్చింది. దానిలో వేలాడుతున్న మనిషినీ నిమిషాల్లో కిందికి దించాలి. కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతుంది. గల్ఫ్‌లో పెద్ద సైట్లలో చేసి తిరిగొచ్చిన మేస్త్రీలకు ఇదంతా తెలుసు. ఊళ్లో ఇల్లు ఒప్పుకున్నప్పుడు మాత్రం తెలిసినా చెయ్యరు.

"పదడుగులకు బెల్టెందుకబ్బా" అనే మాట సీమలో ఏ బేల్దారి నోటైనా వస్తుంది. అందులో సగం నిజముంది. హార్నెస్ తాడు సుమారు 1.8 మీటర్లు, కుదుపును మింగే పట్టీ విచ్చుకుంటే ఇంకో మీటరు, దాని కింద మనిషి ఒళ్లు. మొత్తం ఐదు మీటర్ల ఖాళీ లేకపోతే తాడు పూర్తిగా ఆపేలోపే మనిషి నేలను తాకుతాడు. మొదటి అంతస్తు స్లాబు దగ్గర అంత ఖాళీ లేదు. మరి మిగతా సగం? పదడుగుల మీంచి పడేవాడు ముప్పావు సెకనులో నేల మీదుంటాడు, గంటకు దాదాపు 28 కిలోమీటర్ల వేగంతో. తల ముందు తగిలితే బతకడం కష్టం. అక్కడ కావలసింది హార్నెస్ కాదు, కటకటాలు.

ఆ కటకటాలే లేవు. ఇంటి గోడ వెంట ఒక వరస కట్టెలు పాతి, అడ్డకట్టెల రెండో కొసను గోడలో వదిలిన కన్నాల్లో దూర్చి, కొబ్బరి తాడుతో బిగిస్తారు. దాని మీద ఒకటో రెండో చెక్కలు. ఆ చెక్క మీదే మాలు తట్ట, దాని పక్కనే ప్లాస్టరింగ్ చేసే మనిషి. సజ్జ మీద నిలబడి పై గోడ పూయడం మామూలే. ఇంటికి తనదంటూ ఉన్న రక్షణ పిట్టగోడ. దాన్ని అందరికంటే చివర, మేడ మీద పనంతా అయ్యాక కడతారు. సెంట్రింగ్ వాళ్లు, ఇనుము కట్టేవాళ్లు, కాంక్రీటు తట్టలు మోసే ఆడవాళ్లు అంచు లేని స్లాబు మీదే తిరిగి వెళ్లిపోయి ఉంటారు.

1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం వచ్చినప్పుడు ఈ ఇంటి పని కూలీకీ రక్షణ దొరుకుతుందనిపించింది. జస్టిస్ కృష్ణయ్యర్ వంటివారు 1980ల నుంచి నడిపిన ఉద్యమ ఫలితం అది. 1998 కేంద్ర నిబంధనల్లో పరంజా, వల, బెల్టు, అంచు కటకటాలు అన్నీ ఉన్నాయి. అయితే చట్టం వర్తించింది పదిమంది, ఆపై కూలీలున్న చోటికే. సొంత ఇల్లు కట్టుకునేవాడి ఖర్చు 10 లక్షలు దాటకపోతే అతనికి వర్తించేది కాదు. ఊళ్లో మేస్త్రీ గుంపు ఆరుగురో ఏడుగురో. శ్రీశైలం, ముద్దనూరు లాంటి చోట్లకు సరిపడా కొలత పెట్టి చట్టం కుట్టారు. సాదా మిద్దె కట్టేవాళ్లు దాని బయటే మిగిలారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు పాత చట్టాన్ని కలిపేసుకున్నాయి. పదిమంది లెక్క అలాగే ఉంది. సామాజిక భద్రతా కోడ్‌లో సొంత ఇంటి పరిమితి 50 లక్షలకు పెరిగింది. కర్నూల్లో, కడపలో కట్టే సొంతిళ్లు చాలావరకు ఆ లెక్క లోపలే.

పాత చట్టాల కింద ప్లాను అనుమతికి దరఖాస్తు పెట్టేటప్పుడే ఒక శాతం సెస్సు కట్టించుకునేవారు. ఆ డబ్బు సంక్షేమ బోర్డుకు వెళ్లి, చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయంగా తిరిగి వచ్చేది. ఖర్చు కాకుండా రాష్ట్రాల దగ్గర పేరుకుపోయిన సెస్సు గురించి 2018 మార్చిలో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. ప్లానులో సెట్‌బ్యాక్ చూస్తారు, ఇంకుడు గుంత అడుగుతారు. పిట్టగోడ కట్టేదాకా స్లాబు అంచుకు ఏం అడ్డు పెడతావని ఏ కాగితంలోనూ గడి లేదు.