చదవకూడని రోజులు



'ఒత్తిడి' అనే మాట ఈనాడు బడిపిల్లల నోట కూడా వినిపిస్తున్నది. మా చిన్నతనంలో ఈ అర్థంలో ఆ మాట మేము వినలేదు. పూరీలు ఒత్తడం, కాళ్ళు ఒత్తడం, అక్షరానికి ఒత్తు ఇవ్వడం, ఇంతవరకే మాకు తెలుసు. మనస్సు బాగుండకపోతే చెప్పుకోవడానికి వేరే మాటలు ఉండేవి. తల్లిని విడిచి వచ్చిన పిల్లవాడిది బెంగ. ఏమి జరుగుతుందో అన్నది గుబులు. కొత్తవారి ఎదుట కలిగేది బెరుకు. కారణం తెలిసినా తెలియకపోయినా మనిషిని కుంగదీసేది దిగులు. ఇంగ్లీషువారి 'స్ట్రెస్' కూడా శాస్త్ర గ్రంథాలలో మొదట లోహాలమీదా, దూలాలమీదా పడే బలానికి వాడిన మాటే. హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు 1936లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన ఒక చిన్న లేఖతో మొదలైన పరిశోధనల వల్ల అది దేహానికీ మనస్సుకూ సంబంధించిన మాటగా లోకమంతటా వ్యాపించింది. మనం దానిని 'ఒత్తిడి' అని తెనిగించుకొన్నాం.

పండితుడి చాదస్తం అనుకోకపోతే ఒక సంగతి మనవి చేస్తాను. బెంగ, దిగులు, గుబులు అన్నవి లోపల పుట్టేవి. ఒత్తిడి మాత్రం బయటినుంచి వచ్చేది. ఒత్తేవాడో, ఒత్తేదో లేకుండా ఒత్తిడి ఉండదు. అయినా నేడు దాని నివారణకు చెబుతున్న ఉపాయాలలో అధికభాగం ఒత్తిడికి లోనైనవాడికి చెప్పేవే. తెల్లవారుజామున లెమ్మంటారు, ప్రాణాయామం చెయ్యమంటారు, వేళకు నిద్రపొమ్మంటారు. మంచి మాటలే, కాదనను. కాని మన పూర్వులు ఈ సమస్యను మరొక వైపునుంచి కూడా పట్టుకొన్నారు. చదివేవాడికి హితబోధ చేసి ఊరుకోక, చదవకూడని రోజులను నియమించారు. ఆ రోజుల కథ చెప్పడానికే ఈ టపా.

వాటికి 'అనధ్యయనాలు' అని పేరు. ప్రతి పక్షంలోనూ పాడ్యమి, అష్టమి, చతుర్దశి, ఆపైన పున్నమి లేక అమావాస్య వేదాధ్యయనానికి నిషిద్ధాలని ధర్మశాస్త్రాలు చెప్పాయి. ఆ రోజులలో చదివితే గురువుకు కీడనీ, శిష్యుడికి కీడనీ, నేర్చినది మరపున పడుతుందనీ భయపెట్టాయి. భయం సంగతి అలా ఉంచి, వేళ్ళు మడిచి లెక్క వేసి చూడండి. విదియనుంచి సప్తమి వరకు ఆరు రోజులు చదువు. అష్టమి విరామం. నవమినుంచి త్రయోదశి వరకు ఐదు రోజులు చదువు. ఆ తరువాత చతుర్దశి, పున్నమి, పాడ్యమి వరుసగా మూడు రోజులు విరామం. అంటే పక్షానికి పదకొండు రోజులు చదివితే నాలుగు రోజులు విశ్రాంతి. ఎన్నడూ ఆరు రోజులకు మించి ఎడతెగని చదువు లేదు. ఇవిగాక, అకాలంలో ఉరిమినా, దుమ్ము రేగినా, నక్కలు కూసినా పాఠం ఆపవలసిందే. వేదాంగాలకూ, నిత్యం చేసే జపానికీ ఈ నిషేధం లేదని ఒక వెసులుబాటు కూడా ఉన్నది.

పాడ్యమినాడు చదివితే విద్య క్షీణిస్తుందన్న నమ్మకం ఎంత పాతదో రామాయణం చెబుతుంది. సుందరకాండలో హనుమంతుడు లంకనుంచి తిరిగి వచ్చి సీతమ్మ ఎంత చిక్కిపోయిందో చెబుతూ, పాడ్యమినాడు చదివేవాడి విద్యతో ఆమెను పోలుస్తాడు. వినేవారికి అది అంత తెలిసిన విషయమైతే తప్ప కవి దానిని ఉపమానంగా తీసుకోడు కదా!

గౌరవనీయులు ఆశ్రమానికి వచ్చినా అనధ్యయనమే. దానిని 'శిష్టానధ్యయనం' అన్నారు. భవభూతి ఉత్తరరామచరిత్రలో నాలుగవ అంకం ఈ సెలవుతోనే మొదలవుతుంది. వసిష్ఠుడు, జనకుడు, కౌసల్య వంటి పెద్దలు వాల్మీకి ఆశ్రమానికి వస్తారు. గడ్డాలు నెరిసిన ఆ అతిథులను చూసి ఒక శిష్యుడికి పట్టరాని సంతోషం. వారిమీద భక్తి వల్ల కాదు, వారి పుణ్యమా అని చదువు తప్పినందుకు! ఆ సెలవునాడు అల్లరిగా ఆడుకొంటున్న పిల్లల గుంపులోనే కౌసల్య కంట లవుడు పడతాడు. ఆనాడు పాఠం జరిగి ఉంటే నాయనమ్మకు మనుమడు కనిపించేవాడు కాడు. దాదాపు పదమూడు వందల ఏళ్ళ క్రిందటి ఆ కవికి బడిపిల్లల మనస్సు ఎంత బాగా తెలుసునో అని నేను చదివినప్పుడల్లా అనుకొంటాను.

వేదపాఠశాలలో పుట్టిన ఈ నియమం మన వీధిబడులకూ దిగివచ్చింది. అక్కడ చదివేది పెద్దబాలశిక్షా, ఎక్కాలూ, శతకాలూ అయినా, సెలవులు మాత్రం పంచాంగం చూసి పున్నమికీ అమావాస్యకూ ఇచ్చేవారు. దసరా వస్తే విల్లంబులు పట్టుకొని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవారు.

ఇంతవరకు చదివి, ఆ రోజులే బంగారు రోజులని ఎవరైనా అనుకొంటే వారిని వెంటనే బళ్ళారికి తీసుకుపోవలసి ఉంటుంది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆజ్ఞాపించాడు. 1826నాటి లెక్క ప్రకారం మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఆ నివేదికలలో తెలుగువారు ముఖ్యంగా చదవదగినది 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ వ్రాసినది. అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. జిల్లాలోని 533 బడులలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. పిల్లలు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే! జిల్లా జనంలో వెయ్యిమందికి ఏడుగురైనా బడికి పోవడం లేదని ఆయన లెక్క కట్టాడు. పంచాంగం ఇచ్చిన ఆ విశ్రాంతి అసలు ఎందరికి దక్కిందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఆ బడి దినచర్యను కూడా క్యాంబెల్ వర్ణించాడు. ఉదయం ఆరు గంటలకు బడి తెరుస్తారు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవాడి చేతిలో సున్న చుడతారు. వాడు పొగడ్తకూ తగడు, తెగడ్తకూ తగడు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చేవారికి ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. సోమరిపిల్లలను కొట్టేవారు, చేతులు కట్టి కప్పునుంచి వ్రేలాడదీసేవారు, ఆగకుండా కూర్చుని లేచేటట్లు చేసేవారు. వీటిని మనవాళ్ళు కోదండం, గుంజిళ్ళు అన్నారు. పిల్లలు అర్థం తెలియని పద్యాలను వల్లె వేస్తున్నారని కూడా ఆయన విచారపడ్డాడు.

కాబట్టి పాత బడిలో భయం ఉన్నది, విరామమూ ఉన్నది. కొత్త బడి వచ్చి ఈ రెంటినీ మార్చింది. తిథుల స్థానంలో వారాలు వచ్చాయి. ఆంధ్ర జిల్లాలలో ఆదివారం, నిజాం రాజ్యంలో శుక్రవారం సెలవు దినాలైనాయి. కూలిజనానికి ఆ వారపు సెలవు కూడా ఊరికే దక్కలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ళ తరబడి ఆందోళన చేస్తే 1890లో ఆదివారం లభించింది. బడిలో వచ్చిన అసలు మార్పు సెలవులలో కాదు, పరీక్షలో. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి మెట్రిక్యులేషన్ పరీక్ష మొదలైంది. పూర్వం పంతులుగారు శిష్యుణ్ణి ప్రతిదినం ఎదుట కూర్చోబెట్టుకొని అప్పగించుకొనేవాడు. ఇప్పుడు ముఖం తెలియని ఒకరు, ఒకే రోజున, రాజధాని అంతటికీ ఒకే కాగితం ఇచ్చి తేలుస్తారు. ఒక్క విషయంలో తప్పితే అంతా తప్పినట్లే.

ఆ పద్ధతి చేసిన పనికి గొప్ప సాక్షి శ్రీనివాస రామానుజన్. 1903 చివర మెట్రిక్యులేషన్ నెగ్గి, విద్యార్థి వేతనంతో కుంభకోణం కళాశాలలో ఎఫ్.ఏ.లో చేరాడు. గణితం తప్ప మరొకటి పట్టించుకోలేదు. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పి విద్యార్థి వేతనం పోగొట్టుకొన్నాడు. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడేళ్ళు. కొన్నాళ్ళకు తిరిగి వెళ్ళినా, ఆ తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, రెండుసార్లు వ్రాసి కూడా ఎఫ్.ఏ. నెగ్గలేకపోయాడు. లోకం ఆయన పేరు తెలుసుకొన్నది కనుక ఈ కథ మనదాకా వచ్చింది. తప్పిన తక్కినవారి కథలు ఎవరూ వ్రాసిపెట్టలేదు.

భాష వల్ల కలిగిన భారం మరొకటి. కోస్తాలో పిల్లలు తాము మాట్లాడని గ్రాంథికంలో పరీక్ష వ్రాయవలసి వచ్చేది. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు దానికి వ్యతిరేకంగా పోరాడారు. గురజాడవారి అసమ్మతి పత్రం 1914నాటిది. తెలంగాణలో తెలుగు పిల్లలు ఉర్దూలో చదువుకోవలసి వచ్చింది. వాదాలను భాషాచరిత్రగా చదువుకొంటాం కాని, వాటి అడుగున పరీక్షహాలులో కలం పట్టుకొని కూర్చున్న ఒక పిల్లవాడున్నాడు.

ముప్పై ఏళ్ళకు పైబడి తెలుగు పాఠాలు చెప్పిన నా కళ్ళ ఎదుట ఈ కథ మరొక మలుపు తిరిగింది. ఎనభైల దశకంలో ఎంసెట్ వచ్చిన తరువాత 'ప్యాసు' అన్న మాట విలువ తగ్గి, 'ర్యాంకు' అన్న మాట పెరిగింది. ఈ రెండు మాటలకూ చాలా దూరం ఉన్నది. ప్యాసు కావడానికి నేను చదివితే చాలు. ర్యాంకు రావడానికి పక్కవాడు నాకన్న తక్కువ చదవాలి. పదవ తరగతిలో మొదట ఆటల పీరియడు పోయింది. తరువాత బొమ్మల పీరియడు. ఆపైన తెలుగు ఉపవాచకం పీరియడును లెక్కలకు అడిగి తీసుకొనేవారు. సెలవు ప్రకటిస్తే పిల్లల ముఖాలు వికసించేవి, మరునిమిషంలో ఎవరో ఒకరు "స్టడీ అవర్ ఉంటుందా సార్?" అని అడిగేవారు.

అనధ్యయనంలోని మర్మం నాకు అక్కడ తెలిసింది. అష్టమినాడు నేను చదవను, నా సహాధ్యాయీ చదవడు. కనుక నా విశ్రాంతి నాకు నష్టం కాదు. నేటి పిల్లవాడికి ఆదివారం ఉన్నది. కాని పక్కవాడు ఈ ఆదివారం చదువుతున్నాడేమో అన్న అనుమానం ఆ రోజును మింగివేస్తున్నది. అందరికీ ఒకేసారి ఇస్తేనే విశ్రాంతి విశ్రాంతి అవుతుంది. ఒక్కడికే ఇస్తే అది వెనుకబాటు భయం. ఉద్యోగాలు చేసే మన పిల్లలు కూడా సెలవులో ఉండి ఫోను చూసుకొంటూ కూర్చోవడం ఇందుకే.

ఈ విషయం గుర్తించినవారు లేకపోలేదు. ప్రసిద్ధ రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో బడిపిల్లల వీపుమీది సంచుల బరువును గురించి ప్రసంగించారు. ఆ తరువాత ఏర్పడిన యశ్‌పాల్ కమిటీ 1993లో నివేదిక ఇస్తూ, సంచి బరువుకన్న అర్థంకాని చదువు బరువే ఎక్కువ హానికరమని తేల్చింది. బళ్ళారి కలెక్టరు విచారపడి అప్పటికి నూట డెబ్భై ఏళ్ళు! 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. కోదండానికి చట్టపరంగా అది ముగింపు.

అరచేతిలో సున్నకు మాత్రం ఇంకా ముగింపు రాలేదు. 2023లో విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ళ బాలిక మరణించింది. ఆమె తండ్రి వేసిన వ్యాజ్యంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత కలిగిన సలహాదారు ఉండాలన్నది. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయరాదనీ, నలుగురిలో అవమానించరాదనీ చెప్పింది. మొదటివాడికి సరస్వతి, రెండవవాడికి సున్న, మూడవవాడికి దెబ్బ అన్న ఆనాటి పద్ధతికి ఇది రెండు శతాబ్దాల తరువాత వచ్చిన జవాబుగా నాకు తోచింది. పదిహేడేళ్ళ రామానుజన్ తిరిగి వెళ్ళగలిగాడు. తిరిగి వెళ్ళలేని పిల్లల కోసం ఈ నియమాలు కాగితం దాటి బడిలోకి రావాలి.

అవి వచ్చేలోగా మనం చేయగలిగినది కొంత ఉన్నది. మళ్ళీ అష్టములూ పాడ్యములూ పాటించమని నేను అనడంలేదు. ఒక్క ఇంట్లో పిల్లవాడి చేత పుస్తకం మూయిస్తే వాడికి గుబులు తప్పదు. ఒక వాడలో పది ఇళ్ళవారు కూడబలుక్కొని వారానికి ఒక సాయంత్రం పుస్తకాలూ, ఫోనులూ మూస్తే అది అనధ్యయనం అవుతుంది. బడిలో ఆటల పీరియడును లెక్కలకు అరువివ్వకుండా ఉంటే అదీ అనధ్యయనమే. ఎండలు ముదిరేసరికి ఒంటిపూట బడులు పెట్టడం మనకు ఇప్పటికీ ఉన్న ఆచారమే కదా. అందరికీ ఒకేసారి ఇస్తే చదువేమీ మునిగిపోదని అది ఏటేటా నిరూపిస్తూనే ఉన్నది. ఇక పిల్లవాడి దిగులు నిద్రకూ తిండికీ అడ్డం వచ్చేటంతగా ముదిరితే ఇంటి చిట్కాలతో కాలం గడపవద్దు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సంఖ్య 14416. ఆ సాయం తీసుకోవడంలో నామోషీ లేదు.

మీ పెద్దలు చదివిన వీధిబడులలో ఏయే తిథులకు సెలవిచ్చేవారో, ఆ రోజులను మీ వైపు ఏమని పిలిచేవారో తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాయగలరు. ఇటువంటి సంగతులు గ్రంథాలలో దొరకవు. చెప్పగల పెద్దలు ఉండగానే వ్రాసి పెట్టుకోవాలి.

ఇక సెలవు.