వినికిడి యంత్రం పరీక్ష ఖర్చు ఎవరిది? : అమెరికా అనుభవం

అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా కల్పించిన మెడికేర్ చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ 1965 జూలై 30న సంతకం చేశారు. వృద్ధులకు కొండంత అండ అయిన ఆ చట్టమే వినికిడి యంత్రాలనూ, వాటిని అమర్చేందుకు చేసే పరీక్షలనూ మినహాయించింది.

దానితో బిల్లులో ఒక చిత్రమైన తేడా వచ్చింది. చెవి జబ్బేమిటో తేల్చడానికి డాక్టరు రాసిన పరీక్షకు మెడికేర్ చెల్లిస్తుంది. అదే గదిలో అదే నిపుణుడు యంత్రం సరిగా పనిచేస్తున్నదా అని చూస్తే, ఆ ఖర్చు రోగిదే.

యంత్రం శబ్దాన్ని ఎంత పెంచుతుందో తయారీదారులు కొలిచి తెలపాలని 1977లో ఎఫ్.డి.ఎ. నిబంధన పెట్టింది. అయితే అది ఫ్యాక్టరీ కొలత. మన చెవిలో ఎంత వినిపిస్తున్నదో తెలియాలంటే చెవిలోకి సన్నని గొట్టం పెట్టి కొలవాలి. అసలైన ఈ పరీక్షకే మూల మెడికేర్‌లో చెల్లింపు లేదు.

2022 అక్టోబరు నుంచి ఓ మోస్తరు వినికిడి లోపమున్న పెద్దలకు చీటీ లేకుండానే యంత్రాలు దొరుకుతున్నాయి. 1965 నాటి మినహాయింపు మాత్రం తొలగలేదు. అందుచేత అక్కడ స్థిరపడిన మనవారు యంత్రం కొనేముందు, పరీక్షల రుసుము ధరలో కలిసిందో, విడిగా ఉన్నదో కాగితంపై రాయించుకోవడం మంచిది.