మాట వెనుక కథ: సేవ్

బేస్‌బాల్ క్రీడలో, తొమ్మిదవ ఇన్నింగ్సునందు తమ జట్టు స్వల్పాధిక్యమును కాపాడుటకై బరిలో దిగు కడపటి పిచ్చరును 'క్లోజర్' అందురు. అతఁడు నమ్మఁదగినవాఁడా కాఁడా యని అభిమానులు వాదించునపుడెల్ల ముందుగా వినవచ్చు మాట 'సేవ్'. రక్షణమను సామాన్యార్థము గల యీ యాంగ్లపదమునకు గణితబద్ధమైన పారిభాషికార్థమును కల్పించినవాఁడు షికాగో పత్రికారచయిత జెరోమ్ హోల్ట్‌జ్‌మన్. 1959లో పిట్స్‌బర్గ్ పిచ్చరు ఎల్రాయ్ ఫేస్ 18 విజయములను, ఒకే యొక పరాజయమును గడించి కీర్తి నందఁగా, ఆ విజయములలోఁ గొన్ని యతఁడు స్వయముగా ఆధిక్యమును చేజార్చిన పిమ్మట తోడి బ్యాటర్ల బలమున దక్కినవని గ్రహించి, యీ వైపరీత్యమును సరిదిద్దుటకై హోల్ట్‌జ్‌మన్ క్రొత్త లెక్కను ప్రతిపాదించెను. 1969లో అది అధికారిక గణాంకమయ్యెను.

మూఁడు పరుగులకు మించని యాధిక్యముతో వచ్చి, కనీస మొక ఇన్నింగ్సు బంతులు విసరి, ఆటను గెలుపుతో ముగించుట సేవునకు ప్రసిద్ధమైన లక్షణము. ఆధిక్యమును పోఁగొట్టినచో దక్కునది 'బ్లోన్ సేవ్' అను నపకీర్తి. 652 సేవులతో మరియానో రివేరా యీ విద్యలో అగ్రగణ్యుఁడు. అయినను, మూఁడు పరుగుల యాధిక్యములో రెంటిని సమర్పించి గట్టెక్కినవానికిని, ఒక్క పరుగు ఆధిక్యమును నిష్కళంకముగ నిలిపినవానికిని సమానముగా నొకే సేవు లభించుటచే, దోషమును దిద్దఁబుట్టిన లెక్కయే నూతనవివాదమునకు మూలమైనది.